చెవిలో వినాల్సిన పాఠం

వెంకటరమణమ్మ చదువు ఒక పెసరగింజ దగ్గర ఆగిపోయింది.

నరసరావుపేట నుంచి ఈపూరు పోయే దారిలో ఉన్న ఆ ఊరి అంగన్‌వాడీలో ఆమె ఆయా. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగుచేసుకురావటం, ముక్కులు తుడవటం, గుడ్లు ఉడకబెట్టటం, మధ్యాహ్నం పడుకోబెట్టటం ఆమె పని. టీచరమ్మ పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తుంటే వెనక నిలబడి తనూ నేర్చుకుంది. పిల్లలు ఏటేటా మారిపోయేవాళ్ళు. ఆమె మాత్రం అదే గదిలో ఉండేది. అందుకని వాళ్ళకి రాకపోయినా ఆమెకి వచ్చాయి.

ఆ టీచరమ్మ ఈ ఎండాకాలం రిటైరవుతోంది. పదో తరగతి పాసైన ఆయా ఉంటే ఆ కుర్చీ ఆమెకే ఇవ్వొచ్చని ఆఫీసులో చెప్పారు. లేకపోతే ఎక్కడినుంచో ఒక కొత్తపిల్ల వస్తుంది, ఆ పిల్లకి కూడా రమణమ్మే కుర్చీ తుడిచి వెయ్యాలి. అది తలుచుకునే ఆమె ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టింది. కట్టిన సంగతి ఒక్కడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవటానికి కారణం గోడ అవతల ఉండే బావగారు, మల్లికార్జునరావు. ఊళ్ళో ఎవరు ఏ కొత్త పని మొదలుపెట్టినా దానికి పేరు పెట్టేది ఆయనే. షుగరు వచ్చి పొద్దున్నే నడిచినాయనకి గస్తీ పోలీసని పెట్టాడు. స్కూటీ నేర్చుకున్న ఆవిణ్ణి పైలట్టమ్మ అన్నాడు. అన్నాక అదే ఖాయం. ఆమె మనవరాలి పెళ్ళి శుభలేఖ పంచుతున్నప్పుడు కూడా జనం పైలట్టమ్మ గారి మనవరాలనే అన్నారు. ఆయన పదో తరగతి లెక్కల్లో తప్పి, మళ్ళీ రాసి మళ్ళీ తప్పినవాడు. దానికి మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు. పేర్లు పెట్టే శాఖ ఆయన చేతిలోనే ఉంది కదా.

ఆ తెలిసిన ఒక్కడూ ఆయన కొడుకు అఖిల్, పిన్ని పక్షం. బీటెక్ చదివి, హైదరాబాదు కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తున్నాడు. తన కాలేజీ రోజుల నాటి టాబ్లెట్ ఒకటి ఆమెకిచ్చి, పాఠాలన్నీ అందులో ఎక్కించి, చెవుల్లో పెట్టుకునే వైరు కూడా ఇచ్చాడు. రమణమ్మ మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక గోడకి ఆనుకుని వినేది. ఒకరోజు నిద్రపోని పిల్లవాడొకడు ఆ వైరు పీకి, టాబ్లెట్ బెజ్జంలో పెసరగింజ దూర్చి, పుల్లతో లోపలికంటా దిగ్గొట్టాడు. గింజ బయటికి రాలేదు. వైరు లోపలికి పోలేదు.

వైరు లేని చెవిగుళికలు కొనుక్కుంది. బ్లూటూతువి. చిన్న డబ్బీ మూత తీస్తే వాటంతటవే వెలిగి టాబ్లెట్‌తో జతకలిసేవి. అవి బాగానే పనిచేశాయి, అఖిల్‌కి ఆమె మీద ప్రేమ పొంగేదాకా.

"పిన్నీ, ఈ విండోస్ నత్తలాగా నడుస్తంది. ఇది తీసేసి నేను లైనక్స్ ఎక్కిస్తా. గుర్రం అయిపోద్ది."

"అయ్యా, నాకు గుర్రం ఎందుకు? నేను కూర్చుని వినేదాన్ని."

వాడు వినలేదు. ఎక్కించాడు. పాఠాలు మళ్ళీ అందులో పెట్టాడు. టాబ్లెట్ నిజంగానే గుర్రంలా లేచింది. బ్లూటూత్ మాత్రం చచ్చిపోయింది.

"లోపల చిప్పు ఉంది పిన్నీ, అది నిద్రపోతుంది," అన్నాడు అఖిల్, అరుగు మీద కూర్చుని నల్లతెర మీద తెల్ల అక్షరాలు కొడుతూ. "వైఫైకీ దీనికీ ఒకటే చిప్పు. సగం లేచింది, సగం లేవలేదు. దానికి సొంత బుర్ర ఉండదు. లేచినప్పుడల్లా నువ్వు ఫలానా, నీ పని ఇది అని ఒక ఫైల్లోంచి చదివి వినిపించాలి."

"మీ నాన్నకి పొద్దున కాఫీ ఇచ్చినట్టు."

"అంతే అనుకో. రెండు ఫైళ్ళు కావాలి. ఒకటి లైనక్స్‌లో దొరికింది. రెండోది ఈ టాబ్లెట్ చేసినోళ్ళే ఇవ్వాలి."

"మరి ఇవ్వలేదా?"

"ఇచ్చారు. విండోస్‌లో పెట్టి ఇచ్చారు."

"ఆ విండోస్ ఏది?"

అఖిల్ తెర మీది దుమ్ము తుడిచాడు. "తుడిచేశాను కదా," అన్నాడు. "ఆనవాలు లేకుండా తుడిచా." చివరి మాటలో ఇంకా కొంచెం గర్వం మిగిలే ఉంది.

పోనీ మళ్ళీ ఆ విండోసే పెట్టమంది రమణమ్మ. అఖిల్ ఆమెవైపు చూసిన చూపు, ఇంటికొచ్చిన చుట్టానికి పాచికూడు పెట్టమన్నట్టుంది. పోనీ బయట తగిలించే బ్లూటూత్ ముక్క ఏదో దొరుకుతుందట కదా అంది. టాబ్లెట్‌కి ఇక మిగిలింది ఒకటే బెజ్జం, అది ఛార్జింగ్‌కే చాలదన్నాడు. పైగా లోపల చిప్పు ఉండగా బయట ముక్క తగిలించటం తనలాంటివాడు చేసే పని కాదన్నాడు. పరీక్ష ఆమెది. పరువు మాత్రం వాడిది అయి కూర్చుంది.

ఇంటర్నెట్‌లో లైనక్స్ వాళ్ళ గుంపు ఒకటి ఉంటే అందులో తన కష్టం రాశాడు. జవాబులు కుప్పలుగా వచ్చాయి. తన దగ్గర బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఒకాయన రాశాడు, అంతే రాశాడు. ఇంకొకాయన అసలు బ్లూటూత్ ఎందుకు, వైరు పెట్టుకోవచ్చు కదా అన్నాడు. అఖిల్ పెసరగింజ సంగతి రాస్తే, పెసలు అంటే ఏమిటని మరొకరు అడిగారు. ఆ తర్వాత వాళ్ళలో వాళ్ళకి ఏ లైనక్స్ మంచిదన్న తగువు మొదలై, టాబ్లెట్ సంగతి అందరూ మరిచిపోయారు. అఖిల్ కూడా మరిచిపోయి ఆ తగువులో ఒక పక్షం చేరాడు.

"నీ టాబ్లెట్ పాతది, కొత్తది కొనుక్కో అన్నాడు పిన్నీ ఒకడు. ఏ దేశమోడో ఏమో."

"ఏ దేశమైతే ఏంది, మీ నాన్నకి తోడబుట్టినవాడిలాగున్నాడు," అంది రమణమ్మ.

అరుగు మీద నల్లతెర పెట్టుకుని రోజూ కూర్చుంటే జనం ఊరుకుంటారా? నీళ్ళకి పోయేవాళ్ళు ఆగారు, వచ్చేవాళ్ళు ఆగారు. అఖిల్ ఏదో బ్యాంకులోకి దూరుతున్నాడని కొందరన్నారు. తెర మీద గబగబా పరిగెత్తే అక్షరాలు చూసి, మంచి వేగం మీదున్నాడని ఒక ముసలాయన మెచ్చుకున్నాడు. ఎవరికీ తెలియకూడదని కొనుక్కున్న చెవిగుళికల కోసం వీధి వీధంతా వచ్చి ఆమె అరుగు మీద కూర్చుంది.

తోడికోడలు ప్రభావతి గోడ మీంచి తల పెట్టి అడిగింది. "ఏమే రమణా, మావాడు అన్నం కూడా మానేసి నీ ఇంట్లో ఏం చేస్తన్నాడే? ఆ పలకలో ఏముంది?"

"భజనలక్కా," అంది రమణమ్మ, నోటికొచ్చింది. "భజనలు వినటానికి బాగుచేయించుకుంటున్నా."

ఆ మాట సాయంత్రానికి మల్లికార్జునరావుకి చేరింది. అప్పటికి కోటప్పకొండ తిరునాళ్ళ దగ్గరపడింది. కొండకి తోలుకుపోయే ఊరి ప్రభ కమిటీకి ఆయనే పెద్ద. వీధి చివర వెదురు బొంగులూ రంగుల గుడ్డలూ కరెంటు బల్బులూ కలిసి ఆకాశమంత ప్రభ లేస్తోంది. దాని పక్కన ట్రాక్టర్ మీద మనిషెత్తు పాటల బాక్సులు తెచ్చి పెట్టారు. కుర్రాళ్ళు ఎవరి పాట వాళ్ళు పెట్టుకోవాలని దాని బ్లూటూత్ ఎప్పుడూ బార్లా తెరిచి ఉంచేవాళ్ళు. ఎవరు తగిలిస్తే వాళ్ళది.

"మావాడు రమణమ్మ కోసం భజనల మిషను తయారుచేస్తన్నాడు," అని ఆయన కమిటీ వాళ్ళకి చెప్పాడు. "ముందు మన బాక్సులోనే మోగాలి. తర్వాతే ఆమె ఇంట్లో."

ఈ కబురు రమణమ్మ చెవినా పడింది. పరీక్షలు నెత్తి మీదున్నాయి. సైన్సు సగం వినాల్సి ఉంది. టాబ్లెట్ తన చేతిలోంచి ప్రభ మీదికి పోయేటట్టుంది. ఆమె మర్నాడు సెలవు పెట్టి, సంచిలో టాబ్లెట్ వేసుకుని నరసరావుపేట బస్సెక్కింది.

బస్టాండు దగ్గర సాజిద్ సెల్ పాయింటు. సాజిద్ ఫోన్లు బాగుచేస్తాడు, అద్దాలు అతికిస్తాడు, ఈ రెండూ చేసేటప్పుడు నోరు ఆపడు. టాబ్లెట్ తీసుకుని తెర చూసి పక్కన పెట్టాడు.

"లైనక్సా? అక్కా, నీ మీద ఎవరికి అంత కోపం?"

"మా బావగారబ్బాయి. ప్రేమతోనే చేశాడు."

"ప్రేమ ఉన్నోళ్ళే ఇట్టా చేస్తారు. ఇంతకీ దేనికి ఇది?"

"భజనలకి."

"భజనలకి చెవిలో పెట్టుకునేది ఎందుకక్కా? దేవుడికి వినపడకూడదా?"

రమణమ్మ సంచి సర్దుకుంది. చుట్టూ చూసింది. కొట్లో ఇంకెవరూ లేరని నమ్మకం కుదిరాక అసలు సంగతి చెప్పింది. బయటివాళ్ళలో మొదట విన్నది సాజిదే. నవ్వుతాడేమోనని ఆమె మొహం ముడుచుకుంది.

"పదో తరగతా?" అన్నాడు సాజిద్. "లెక్కలు మాత్రం నన్ను అడగమాక. వాటి వల్లే నేను ఈ కొట్లో ఉన్నా."

అతను కౌంటరు కింద వెతికి అచ్చం అలాంటి టాబ్లెట్‌నే బయటికి తీశాడు. మూల పగిలిన అద్దం, వెనక కార్టూను బొమ్మ అంటించి ఉంది. "మా పాప జెబా బొమ్మలు చూసేది. దీంట్లో విండోస్ బతికే ఉంది. నీకు కావాల్సిన ఫైలేదో ఉంటే ఇందులోనే ఉండాలి. ఎక్కడుందో మాత్రం నాకు తెలవదు. మీ ప్రేమగల అబ్బాయిని అడుగు."

రమణమ్మ అఖిల్‌కి ఫోను చేసి, సంగతి చెప్పి, స్పీకరు పెట్టింది.

"ఎవరికిచ్చావు పిన్నీ నా టాబ్లెట్?" అన్నాడు అఖిల్ ముందుగా. "వాళ్ళు స్క్రూడ్రైవర్ మనుషులు. వాళ్ళకి ఇది తెలవదు."

"తమ్ముడూ, స్క్రూడ్రైవర్ మనిషిని వింటానే ఉన్నా," అన్నాడు సాజిద్. "తుడిచింది నువ్వు, దాచింది నేను. ఫోల్డర్ పేరు చెప్పు."

"సిస్టమ్ థర్టీటూ, దాని కింద డ్రైవర్స్."

"లేదు."

"ఉంటది. సరిగ్గా చూడు."

"నాకు కళ్ళున్నాయి. లేదు."

"అయితే డ్రైవర్ స్టోర్‌లో చూడు."

"అది ముందే చెప్పొచ్చు కదా."

"నేను చెప్పబోతుంటే నువ్వే..."

ఇద్దరి మధ్య ఫోను పట్టుకుని నిలబడి నిలబడి రమణమ్మకి చెయ్యి నొప్పి పుట్టింది. అంగన్‌వాడీలో ఒకే బొమ్మ కోసం కొట్టుకునే పిల్లల్ని విడదీసినట్టే విడదీయాల్సి వచ్చింది. ఆఖరికి ఫైలు దొరికింది. ఆవగింజంత ఫైలు. సాజిద్ దాన్ని మెమరీ కార్డులో వేసిచ్చి, ఊరికే పంపటం ఇష్టంలేక టాబ్లెట్‌కి కొత్త అద్దం కాగితం కూడా అంటించాడు. రమణమ్మ వద్దన్నా డబ్బు తీసుకోలేదు. "పాసైతే స్వీటు, తప్పితే నాకు తోడు," అన్నాడు.

ఆమె ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. వీధి చివర ప్రభకి బల్బులు వేసి చూస్తున్నారు. ఊరంతా అక్కడే ఉంది. మల్లికార్జునరావు కొత్త కండువా వేసుకుని, ఒక చేత్తో కొబ్బరికాయ, ఒక చేత్తో మైకు పట్టుకుని నిలబడ్డాడు.

అఖిల్ అరుగు మీదే కాచుకుని ఉన్నాడు. కార్డు లాక్కుని, ఫైలు పెట్టాల్సిన చోట పెట్టి, ఏవో రెండు వరుసలు కొట్టి, టాబ్లెట్‌ని ఆపి మళ్ళీ లేపాడు. తెర మూల నీలం గుర్తు వెలిగింది.

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీట్ ర్యాంకు వచ్చిన పిల్లల తల్లిదండ్రులకి కూడా అంత ఆనందం ఉండదు. "లేచింది పిన్నీ," అన్నాడు. "తెచ్చెయ్ నీ చెవిగుళికలు. మూత తీసి తీసుకురా, దానికదే కనపడుద్ది."

రమణమ్మ వంటింట్లోకి పోయింది. ఎవరి కంటా పడకుండా ఆ గుళికల్ని ఆమె స్టీలు పోపుడబ్బాలో, మెంతుల గిన్నె తీసేసి ఆ చోట పెట్టింది. పైన బిగుతు మూత. ఆ మూత సంగతి ఎప్పుడూ అంతే, ఆత్రంగా ఉన్నప్పుడు రాదు. కొంగుతో పట్టి తిప్పింది, గోళ్ళతో లాగింది, రాలేదు. ఇక డబ్బా డబ్బానే పట్టుకుని బయటికి వచ్చింది.

అఖిల్ ఆగలేదు. తెర మీద ఒక పేరు కనపడింది. చైనా మాటలూ అంకెలూ కలిసిన పేరు. పిన్ని గుళికల పేరు కూడా అలాగే ఉంటుంది. ఒకటే పేరు ఉన్నప్పుడు చదవటం దేనికి? నొక్కాడు. కలిసింది. పాటల పెట్టె తెరిచి మొదట కనపడిందే మోగించాడు.

వీధి చివర బాక్సులు గుర్రుమన్నాయి. "కనెక్టెడ్," అంది ఒక ఆడగొంతు.

మల్లికార్జునరావు మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "వినండి, మావాడు చేసిన మిషను. భజన వస్తంది. అందరూ చెప్పులు తీసెయ్యండి."

అందరూ చెప్పులు తీశారు. ముసలమ్మలు చేతులు జోడించారు.

"పదో తరగతి, సామాన్య శాస్త్రం," అన్నాయి బాక్సులు. "విసర్జన. మూత్రం ఎలా ఏర్పడుతుందో ఈరోజు తెలుసుకుందాం."

జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

అఖిల్ కంగారుపడి మీట నొక్కాడు. నొక్కింది తగ్గించే మీట కాదు, పెంచేది. ఆపుదామంటే తెర బిగుసుకుపోయింది. ఇన్నాళ్ళూ బతిమాలినా లేవని చిప్పు, ఇప్పుడు బతిమాలినా పడుకోనంటోంది. బాక్సు పక్కనున్న కుర్రాళ్ళు వైరు పీకొచ్చు. పీకలేదు. వాళ్ళు నవ్వటానికే రెండు చేతులూ చాలక ట్రాక్టరు పట్టుకుని నిలబడ్డారు.

"ఏందిది?" అన్నాడు మల్లికార్జునరావు మైకులోనే. అప్పుడు ఆయనకి అర్థమైంది. అరుగు మీద పోపుడబ్బా పట్టుకుని నిలబడ్డ మరదలు కనపడింది. ఆయన మొహం వికసించింది. అలాంటి సరుకు రోజూ దొరకదు. "ఓహో, ఇదా భజన. ఏమ్మా రమణమ్మా, అంగన్‌వాడీ పిల్లలకి తుడిచి తుడిచి, చాలక దానికే పరీక్ష కూడా రాస్తన్నావా?"

జనం గొల్లుమన్నారు. రమణమ్మ చెవులు కాలిపోయాయి. ఏ మాట వినకూడదని ఇంత తంటా పడిందో ఆ మాట మైకులో వచ్చింది. లోపలికి పోయి తలుపేసుకుంటే బాగుండుననిపించింది. పోపుడబ్బాని ఇంకా గట్టిగా పట్టుకుంది.

బాక్సులకి ఇదంతా పట్టలేదు. "ఇప్పుడొక ప్రశ్న," అన్నాయి. "మానవునిలో మూత్రపిండాలు ఎన్ని? ఆలోచించండి. తొందరపడి చెప్పకండి."

"మూడు," అన్నాడు మల్లికార్జునరావు, ఊపు మీదున్నాడు. "మా రమణమ్మకైతే నాలుగు. రాసుకోండి."

"రెండు," అన్నాయి బాక్సులు. "చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు."

ఈసారి నవ్వు ఇంకో వైపు తిరిగింది. ప్రభ నీడలో ఎవరో, "లెక్కల్లో పోయినాయన కదా, పాపం," అన్నారు. అది ఎవరన్నారో ఇప్పటికీ తేలలేదు గాని, గొంతు పైలట్టమ్మది లాగుందని చెప్పుకుంటారు. మల్లికార్జునరావు కొబ్బరికాయని ప్రభ ముందు కాకుండా ట్రాక్టరు చక్రానికేసి కొట్టాడు.

బాక్సులు మాత్రం పాఠం పూర్తయ్యేదాకా ఆగలేదు.

మర్నాడు అఖిల్ సిగ్గుతో వచ్చి, ఈసారి పేరు చదివి, చెవిగుళికల్ని టాబ్లెట్‌తో సరిగ్గా జతకలిపాడు. మూత తియ్యగానే ఎక్కడున్నా వెతుక్కుని కలుస్తాయని చెప్పాడు. లైనక్స్ గుంపులో సమస్య తీరిందని పెద్ద అక్షరాలతో రాసి, ఎలా తీరిందో మాత్రం రాయకుండా వదిలేశాడు. సాజిద్ పేరు రాయాల్సి వస్తుందని కాబోలు.

రమణమ్మ గుళికల డబ్బీని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఇక ఎవరికి వినపడకూడదని? ఊరికి మూత్రపిండాల సంగతి కూడా తెలిసిపోయింది. టాబ్లెట్‌ని కిటికీలో నిలబెట్టి గట్టిగానే పెట్టుకుంది.

భోజనాలైనాక మల్లికార్జునరావు గోడ దగ్గరికి వచ్చాడు. నిన్నటి నుంచి ఆయన బయటికి పోలేదు. పోతే వేళ్ళు లెక్కపెట్టి చూపించేవాళ్ళు తగులుతారు.

"ఏమ్మా, కాస్త కునుకు తియ్యనిస్తావా లేదా? ఆ పాఠం చెప్పే ఆడమనిషి గొంతు వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది."

"అయ్యో బావగారూ," అంది రమణమ్మ. గుళికల డబ్బీ గోడ మీద పెట్టింది. "ఇవి చెవుల్లో పెట్టుకుంటే బయటి చప్పుడు వినపడదు. మెత్తగా ఉంటాయి. నాకిక అవసరం లేదు, మీరే ఉంచుకోండి."

ఆయన అనుమానంగా చూశాడు గాని తీసుకున్నాడు. గోడ అవతల నులకమంచం కిర్రుమంది.

కాసేపటికి కిటికీలో టాబ్లెట్ ఉన్నట్టుండి మూగబోయింది. తెర మీద పాఠం నడుస్తూనే ఉంది, గొంతు మాత్రం ఇక్కడ లేదు.

"ఒరేయ్ అఖిలూ," అని గోడ అవతల కేక. "ఈ మనిషి నా తలకాయలోకి వచ్చిందిరా. ఎన్ని ఎన్ని అని మళ్ళీ అడుగుతుందిరా."

"గోడ దాటి కూడా వస్తందా నాన్నా?" అఖిల్ గొంతులో సంబరం పట్టలేకుండా ఉంది. "తియ్యమాక, తియ్యమాక. అట్టాగే వీధి చివరిదాకా నడువు, ఎంత దూరం వస్తదో చూద్దాం."

"రెండని చెప్పరాదూ," అంది ప్రభావతి, అంట్లు తోముతూనే. "వదిలేసి పోద్ది."

టాబ్లెట్‌లో గొంతుని ఇటు తిప్పుకునే గుర్తు ఒకటుంది. పొద్దున్నే అఖిల్ చూపించాడు. రమణమ్మ వేలు దాని దాకా పోయి వెనక్కి వచ్చింది. ఆ పాఠం ఆమెకి కంఠతా వచ్చు. ఇప్పుడు అవసరం ఉన్నవాళ్ళు వింటున్నారు.

ఆమె పుస్తకం తీసి తర్వాతి పాఠం తెరిచింది.